ప్రభువా, ఐదు రూపాయలా

జ్ఞానశేఖర్ గారికి లోకంలో దేని ధర పెరిగినా పట్టేది కాదు, ఒక్క ఫుట్‌బాల్ టికెట్టుది తప్ప. బియ్యం పెరిగితే "పెరుగుతది మరి" అనేవారు. ఇంటాయన కిరాయి పెంచితే మారుమాట లేకుండా ఇచ్చేవారు. గన్‌ఫౌండ్రీలో ఒక బ్యాంకుకు హెడ్ క్యాషియరు. పొద్దున్నుంచీ లక్షలు లెక్కపెట్టి, చేతులు కడుక్కుని, ప్రశాంతంగా టిఫిన్ డబ్బా విప్పేవారు. అంతటి మనిషి నాంపల్లి మైదానం టికెట్ల కిటికీ ముందు నిలబడి ధర వినేసరికి కుప్పకూలినంత పని చేసేవారు. ఒకటి రెండుసార్లు కాదు, పదమూడేళ్ళ పాటు చేశారు.

ఆ కూలడానికి ఒక పద్ధతి ఉండేది. ముందు కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచేవారు. తర్వాత కిటికీ మీద జానెడేసి అక్షరాలతో రాసిన ధరను చదివేవారు. చదివింది నమ్మకుండా లోపల టికెట్లు చించే విమలను అడిగేవారు.

"ఎంతమ్మా?"

"పైన రాసుంది గద సార్. అయిదు."

కుడిచెయ్యి గుండె మీదికి పోయేది. ఎడమ కాలు ఒక అడుగు వెనక్కి, దాని వెంట కుడి కాలు. గొంతు సన్నగిల్లేది. "ప్రభువా, ఐదు రూపాయలా."

ఆ రెండడుగులూ సరాసరి వెనక నిలబడ్డవాడి వేళ్ళ మీద పడేవి. ఆ వెనక నిలబడేవాడు ఎప్పుడూ రామచందరే. మొదటి ఏడాది చెప్పుల్లో వచ్చి, రెండో ఏడాది నుంచి బూట్లు వేసుకుని రావడం నేర్చుకున్నాడు.

రామచందర్‌కు ఆబిడ్స్‌లో ఒక సందు మొదట్లో ఇంకు పెన్నులు బాగుచేసే దుకాణం ఉంది. తండ్రి నాటిది. అప్పట్లో పరీక్షల ముందు పాళీ మార్పించుకునే పిల్లలు, సంతకాల పెన్నులు తెచ్చే వకీళ్ళు బారులు తీరేవారు. తొంభైల్లోకి వచ్చేసరికి రూపాయికో బాల్‌పెన్ను వచ్చి, రాసి పారేయడం ఫ్యాషనైపోయింది. పారేసేదాన్ని ఎవడు బాగుచేయించుకుంటాడు? కొన్ని రోజులు దుకాణంలో ఈగలు కూడా లోపలికి తొంగిచూసి వెళ్ళిపోయేవి.

ఈ సంగతి భార్య జయమ్మకు తప్ప పురుగుకు కూడా తెలియదని రామచందర్ ధీమా. తెలిస్తే పరువు పోతుందని అతని భయం. చాయ్ తాగుదామని ఎవరైనా పిలిస్తే కడుపుబ్బరం అనేవాడు. మొజంజాహీ మార్కెట్లో ఐస్‌క్రీమ్ తిందామంటే పన్ను నొప్పి అనేవాడు. ఒక్క ఫుట్‌బాలుకు తగిన జబ్బు మాత్రం అతనికి దొరకలేదు. నాంపల్లి రోవర్స్ మ్యాచ్ ఉందంటే జేబులో ఎంతుందో చూసుకోకుండా కాళ్ళు అటే లాక్కెళ్ళేవి.

రోవర్స్ మైదానం మొదట్లో మైదానంలానే ఉండేది. చుట్టూ తాడు, తాడుకు లోపలా బయటా జనం, రెండు రూపాయల టికెట్టు. టికెట్టు కొన్నవాడికీ కొననివాడికీ మధ్య తేడా తాడే. తర్వాత క్లబ్బువాళ్ళకు అభివృద్ధి బుద్ధి పుట్టింది. సిమెంటు మెట్లు కట్టి అయిదు చేశారు. మెట్ల మీద రేకులు వేసి పది చేశారు. ఆ రేకులు ఎండను ఆపాయిగానీ, ఆ వేడి కింద కూర్చున్నవాళ్ళు ఎండలోనే బాగుందని బయటికొచ్చి కూర్చునేవారు. పదికి పది చెల్లించి మరీ.

మొదటి బహిష్కరణ తొంభై నాలుగులో, అయిదు రూపాయలైన రోజున జరిగింది. ఆ రోజు రామచందర్ జేబులో మూడు రూపాయలే ఉన్నాయి. వరుసలో నిలబడి, ఆ మూడు బిళ్ళలనే మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టుకుంటూ, కిటికీ దగ్గరికి వచ్చాక ఏ జబ్బు చెప్పాలా అని వెతుక్కుంటున్నాడు. అంతలో ముందున్న జ్ఞానశేఖర్ గారు గుండె పట్టుకుని, రెండడుగులు వెనక్కి వేసి, ఈసారి అక్కడితో ఆగకుండా వరుస వైపు తిరిగారు.

"అయిదు రూపాయలంట. ఇరవై రెండు మంది ఒక్క బంతి కోసం కొట్లాడుకుంటుంటే చూడనీకి అయిదు రూపాయలు. తలా ఒక బంతి ఇచ్చినా అంత కాదు. నేను లోపలికి పోను. రోషమున్నోళ్ళు నా వెంట రాన్రి."

వరుసలో నలభై మంది ఉన్నారు. ముప్ఫై ఎనిమిది మందికి రోషం లేకపోయింది. మిగిలిన ఇద్దరు రామచందర్, అచ్చు ఆఫీసులో అక్షరాలు పేర్చే జయరాజ్. ఆ ఆఫీసుకు కంప్యూటరు వచ్చిన దగ్గర్నుంచి జయరాజ్‌కు వారానికి రెండు రోజులే పని.

"ఏంది సార్ గిది, పైసలు పట్టుకొని వచ్చినంక ఆపవడ్తివి," అని రామచందర్ గట్టిగా విసుక్కున్నాడు. నలుగురికీ వినబడేలా విసుక్కోవడం చాలా హాయిగా అనిపించింది.

మైదానం గోడకు ఆనుకుని వెంకటరత్నమ్మ గారి మూడంతస్తుల ఇల్లుంది. జ్ఞానశేఖర్ గారు ఎలా మాట్లాడారో గానీ ఆవిడ డాబా మీదికి రానిచ్చింది. ఊరికే కాదు. డాబా నిండా వడియాలు ఆరబోసి ఉన్నాయి. "కాకి ముట్టిందా, మీ ముగ్గురినీ కిందికి దించుత," అని చేతికో కర్ర ఇచ్చింది. ఆ రోజు మ్యాచ్ అంతా ముగ్గురు పెద్దమనుషులు కర్రలు పట్టుకుని నిలబడే చూశారు. రోవర్స్ గోల్ కొట్టినప్పుడు జయరాజ్ ఎగిరి గంతేసి రెండు వడియాలు తొక్కాడు. ఆ నేరం కాకి మీద వేశారు.

అప్పట్నుంచి అదొక ఆనవాయితీ అయింది. అలాగని ప్రతి మ్యాచ్‌కూ బహిష్కరణ ఉండేది కాదు. కొన్ని రోజులు జ్ఞానశేఖర్ గారు గుండె పట్టుకుని, ప్రభువును తలుచుకుని, మూలుగుతూనే టికెట్టు కొనేవారు. కొన్ని రోజులు భీష్మించి వెనక్కి తిరిగేవారు. ఏ రోజు ఏం చేస్తారో విమలకు కూడా అంతుపట్టేది కాదు. మ్యాచ్ ఉన్న మధ్యాహ్నం ఆయన రామచందర్ దుకాణానికి వచ్చి, నిక్షేపంలా రాసే తన పెన్ను ఇచ్చి, "జర చూడు, గీరుతున్నది" అనేవారు. రామచందర్ చూసి ఏం లేదు సార్ అనేవాడు. ఆయన కాసేపు బల్ల మీద ఉన్న పెన్నులవంకా లేని పెన్నులవంకా చూసి వెళ్ళిపోయేవారు.

తొంభై ఏడులో క్లబ్బువాళ్ళు కూల్‌డ్రింకు ప్రకటన బోర్డొకటి నిలబెట్టారు. అది ఎంత పెద్దదంటే, డాబా మీద నుంచి చూస్తే కుడి వైపు గోల్‌పోస్టు పూర్తిగా దాని వెనక్కి పోయింది. మైదానంలో సగం, ఒక గోల్‌కీపరు, కొన్నిసార్లు బంతి కూడా కనబడేవి కావు. మైదానంలో సగాన్ని ఎవరైనా ఇలా ఎత్తుకుపోవచ్చని వాళ్ళు కలలో కూడా అనుకోలేదు.

"ఎవరు గెలిచిన్రు?" అని ఇంటికి రాగానే జయమ్మ అడిగేది.

"ఎడమ దిక్కు రెండు గోల్స్ అయినయి. కుడి దిక్కు సంగతి రేపు పేపర్ల చూడాలె."

"టికెట్టు కొని లోపలికి పోతే రెండు దిక్కులు కనబడ్తయి గద."

"నేను పోదామనే అంట. సార్ పోనిస్తలేడు."

జయమ్మ అతని ముఖంలోకి చూసి, ఇంకేమీ అడగకుండా అన్నం వడ్డించేది. బయట మాత్రం రామచందర్ ఆయన్ని తిట్టని రోజు లేదు. సందులో ప్రతివాడికీ చెప్పేవాడు. "బ్యాంకు ఆఫీసరు, పిసినారి. ఆయన పిసినారితనానికి నా ఫుట్‌బాల్ ఆగమైతున్నది." టికెట్టు ఇరవై అయిదైంది. సాయంత్రం లైట్లు పెట్టారు. బహిష్కరణలు పెరిగాయి. తిట్లూ పెరిగాయి. జ్ఞానశేఖర్ గారి చెవిన ఆ మాటలు పడే ఉంటాయి, అయినా ఆయన పెన్ను గీరడం మానలేదు.

రెండు వేల నాలుగులో అసలు పిడుగు పడింది. రోవర్స్ మైదానాన్ని అమ్మేశారు. ఒక ఆదివారం ముగ్గురూ వెళ్ళేసరికి గోల్‌పోస్టులు లేవు, పచ్చగడ్డి మీద కార్లు నిలబడి ఉన్నాయి. గేటు దగ్గర ఒక మనిషి చీటీ పుస్తకం పట్టుకుని కారుకు పది రూపాయలు వసూలు చేస్తున్నాడు. జ్ఞానశేఖర్ గారు ఆ రోజు ధర కూడా అడగలేదు.

కొత్త స్టేడియం ఊరవతల, రాళ్ళ గుట్టల మధ్య కట్టారు. నాంపల్లి నుంచి బస్సులో గంటకు పైనే. మొదటి మ్యాచ్‌కు ముగ్గురూ బయల్దేరారు. దారి పొడుగునా రామచందర్‌కు జేబు తడుముకోవడమే పని. వారం రోజుల్లో మూడే పెన్నులు వచ్చాయి. బస్సు చార్జీ పోను జేబులో ముప్ఫై రూపాయలు మిగిలాయి. అక్కడ టికెట్టు ఎంతో తెలియదు. సార్ మూలుగుతూ కొనేస్తే, ఇన్నేళ్ళుగా దాచిన సంగతి కిటికీ ముందు బయటపడుతుంది. బస్సు దిగుతూ, ఈ ఒక్క రోజు ఈ పిసినారికి రోషం రావాలని మొక్కుకున్నాడు.

టికెట్ల కిటికీకి అద్దం పెట్టారు. లోపల మాత్రం పాత విమలే, ముందు కొత్త కంప్యూటరుతో కూర్చుని ఉంది.

"ఎంతమ్మా?"

"అరవై సార్."

చెయ్యి గుండె మీదికి పోయింది. రెండడుగులు వెనక్కి పడ్డాయి. "ప్రభువా, అరవయ్యా." తర్వాత జ్ఞానశేఖర్ గారు అలవాటు కొద్దీ తల పైకెత్తి డాబా కోసం చూశారు. చుట్టూ బండరాళ్ళు తప్ప ఇల్లన్నది లేదు. ఆయన గొంతు సవరించుకున్నారు. "పోదాం పాన్రి. తిరిగి బస్సెక్కుదాం. గీళ్ళ దోపిడీకి మనం లొంగేది లేదు."

విమల కిటికీ లోంచి తల బయటపెట్టింది. "ఇగ చాలు సార్. గంట సేపు బస్సుల వచ్చి, గేటు మొకం చూసి పోతరా? మీ పాసు చూపి పాసులోళ్ళ సోఫాలల్ల కూసోన్రి."

"ఏం పాసు?" అన్నాడు జయరాజ్.

"సార్‌కు జీవితాంతం ఫ్రీ పాసుంది. పాత ఆటగాళ్ళందరికి క్లబ్బు ఇచ్చింది. పదమూడేండ్ల సంది ఏటేటా కవర్ల పెట్టి పోస్టు చేసేది నేనే గద. ఎవ్వరికి చెప్పొద్దని మాట తీసుకున్నడు. గోడ పక్కన డాబా ఉన్నన్ని రోజులు నేను నోరు మూసుకున్న."

ఈసారి రెండడుగులు వెనక్కి వేసింది రామచందర్. జ్ఞానశేఖర్ గారు దొంగతనం చేస్తూ దొరికినవాడిలా నేల చూస్తున్నారు.

"సార్," అన్నాడు రామచందర్. "సోఫా ఉండంగ డాబా మీద కాకుల్ని ఎందుకు తోలినవ్?"

"ఆ సోఫాలల్ల నల్లులుంటయంట," అన్నారు జ్ఞానశేఖర్ గారు.

రామచందర్‌కు గీరని పెన్ను గుర్తొచ్చింది. బల్ల ఖాళీగా ఉన్న రోజే బహిష్కరణ అని, బల్ల నిండుగా ఉన్న రోజు మూలుగుడు మాత్రమే అని ఇప్పుడు వెలిగింది. తను ఎవరికీ తెలియదనుకున్నది ఈయనకు మొదటి రోజు నుంచే తెలుసు. తెలిసి, పిసినారి అని ఊరందరిచేతా అనిపించుకుంటూ, ఎండలో కర్ర పట్టుకుని నిలబడ్డారు. సిగ్గేసింది. అంతకంటే ఎక్కువగా, భుజాల మీది బరువేదో ఎవరో దించినట్టు తేలికగా అనిపించింది.

"సార్, నా దగ్గర ముప్ఫై రూపాయలే ఉన్నయి," అన్నాడు. జీవితంలో మొదటిసారి ఆ మాట వీధిలో నిలబడి అన్నాడు. "మిగతాది నువ్వెయ్యి."

"నా దగ్గర ఇరవయ్యే," అన్నాడు జయరాజ్ వెంటనే, ఎక్కడ అవకాశం పోతుందోనన్నట్టు.

విమల ఆయన గుండె వైపు చూసింది. చెయ్యి అక్కడికి పోలేదు. జ్ఞానశేఖర్ గారు ఆశ్చర్యపోలేదు, ప్రభువును పిలవలేదు, ఎంత అని అడగను కూడా లేదు. పర్సు తీశారు. "మూడు టికెట్లు ఇయ్యమ్మా."

"రెండు చాలు సార్, మీకు పాసు..."

"మూడు."

పర్సులోంచి నోట్ల వెంట పాసు కూడా జారి పడింది. రామచందర్ తీసి చూశాడు. అంచులు నలగని కొత్త పాసు. దాని మీద పాత ఫోటో, చేతికి తొడుగులు వేసుకున్న బక్కపలచటి కుర్రవాడు.

"నువ్వు రోవర్స్ గోల్‌కీపర్‌వా? గింత పెద్ద ముచ్చట మాకెన్నడు చెప్పకపోతివి."

"ఒక్కటే మ్యాచ్ ఆడిన. తొమ్మిది గోల్స్ పడ్డయి." పాసు లాక్కుని జేబులో పెట్టుకున్నారు. "అది చెప్పుకునే ముచ్చటనా?"

లోపల ముగ్గురూ గ్యాలరీలో కూర్చున్నారు. సగం ఆట అయ్యాక జయరాజ్ చాయ్ తెస్తానని లేచి వెళ్ళాడు. అంతలో రోవర్స్ గోల్‌కీపరు చేతికి రావలసిన బంతి అతని కాళ్ళ సందు నుంచి జారి గోల్లోకి దొర్లింది. గ్యాలరీ గ్యాలరీ అంతా బూతులు అందుకుంది. జ్ఞానశేఖర్ గారు మాత్రం లేచి నిలబడి చప్పట్లు కొట్టడం మొదలుపెట్టారు.

రామచందర్ అదిరిపడి చొక్కా పట్టి లాగాడు. "సార్, గోల్ పడ్డది మనకు."

"తెలుసు. వాడు ఎటు చూడాల్నో తెల్వక బూట్లు చూసుకుంటున్నడు. ఒక్కరన్న కొట్టకుంటే తల ఎట్ల ఎత్తుతడు?"

చుట్టుపక్కల జనమంతా తిరిగి, ఈ ముసలాయనకు మతి పోయిందా అన్నట్టు చూశారు. రామచందర్ ఒక్క క్షణం ఆ చూపులు చూసి, తనూ లేచి చప్పట్లు అందుకున్నాడు. చాయ్ పట్టుకొస్తున్న జయరాజ్ మెట్ల దగ్గరే వీళ్ళను చూసి, రోవర్స్ గోల్ కొట్టిందనుకుని, గ్లాసులు కింద పెట్టి పెద్దగా ఈల వేశాడు.