కంబళి అవతల చెక్కభజన

ఇప్పటిదాకా ఎవరికీ చెప్పని మాట ఒకటి ముందుగా రాస్తాను. ఆలూరు డ్యూటీలో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా భయపెట్టింది బావుల్లో పేలే మందు కాదు, గాయాలూ కాదు. కర్నూలు బజారులో ఒక దుకాణంలో నిలబడి, నలుగురి ముందు, "ఇది వద్దు, అది కావాలి" అనాల్సి రావడం. ఇంటికి వచ్చాక అందరూ ఎండ గురించి, తేళ్ల గురించి అడిగారు. వాటి గురించే చెప్పాను.

గుంతకల్లులో రైలు దిగేసరికి ఉదయం ఆరున్నర. అప్పటికే ఇనుప ట్రంకు పిడి వేడెక్కింది. అక్కడి నుంచి సైన్యం లారీలో ఆలూరు. దారి పొడవునా నల్లరేగడి. పగుళ్లలో మణికట్టు దాకా చెయ్యి దిగుతుంది. కర్నూలు ఇంకా రాజధాని కాలేదు. వరసగా వానలు తప్పాయి. బావుల్లో అడుగున రాయి కనిపిస్తోంది. ఆ రాయిని పగలగొట్టి బావులు లోతు చెయ్యడానికి ఇంజనీర్ల దళం ఒకటి వచ్చింది. వాళ్ల వెంట మూడు గుడారాల ఆసుపత్రి, ఒక డాక్టరు కెప్టెన్, ఇద్దరు నర్సులు. అందులో నేనొకదాన్ని. మాది కడప. మిషన్ ఆసుపత్రిలో పని నేర్చుకుని సైన్యంలో చేరాను. ట్రంకులో యూనిఫారాలు, కంబళి, వాటి అడుగున రెండు పుస్తకాలు, డైరీ.

మొదటి రోజే ఆజ్ఞలు చదివి వినిపించారు. కాచని నీళ్లు తాగరాదు. పన్నెండు నుంచి మూడు దాకా గుడారం దాటరాదు. ఎర్రజెండా లేస్తే బావివైపు పోరాదు.

మా వార్డులో ఆరు మంచాలు. ఎండదెబ్బ, జిగట విరేచనాలు, కాలు విరిగినవాడు ఒకడు. ఈ కాలు విరిగినవాడి నోటికి మాత్రం ఏ దెబ్బా తగల్లేదు. చివరి మంచం మీద మందు నాయక్. బావి రాతిలో తూట్లు వేసి, మందు కూరి, వత్తి అంటించే పని అతనిది కాబట్టి ఆ పేరు.

ఆ పనిలో ఒక నియమం ఉంది. ఎన్ని తూట్లు అంటించారో అన్ని పేలుళ్లు లెక్కపెట్టాకే బావిలోకి దిగాలి. అందరూ ఒకటి, రెండు అని లెక్కపెడతారు. మందు నాయక్ వేళ్ల మీద తాళం వేసేవాడు. మైదుకూరు పక్క పల్లెలో చెక్కభజన జట్టుకు అతనే ముందు మనిషి. చేతిలో చెక్కల జత పట్టుకుని, వాటి చివరల చిన్న తాళాలు గల్లుమంటుంటే, కాలు నేలకు కొట్టి అడుగు మార్చేవాడు. వెనక పదిమంది అతన్ని విని అడుగు మార్చేవాళ్లు. ఏటా అహోబిలం తిరునాళ్లకు పోయేవారు. లెక్క అతనికి అంకెల్లో కాదు, తాళంలో ఉండేది. ఆ రోజు బావి గోడ ఒక పేలుడును తిప్పి కొట్టింది. ఆ ప్రతిధ్వనిని అతను ఆఖరి దెబ్బగా వేసుకున్నాడు. ఒడ్డు మీంచి మెట్టు మీద కాలు పెట్టాడు. అప్పుడు పేలింది అసలు ఆఖరిది. రాళ్లు తప్పాయి. శబ్దం తప్పలేదు. రెండు చెవుల్లోనూ కర్ణభేరి చిరిగింది.

"లెక్క తప్పలేదు సిస్టరమ్మా!" అని అరిచాడు నాతో. వినపడనివాళ్లు అలాగే మాట్లాడతారు. "బాయి నా తాళంలో ఒగటి ఎక్కువ ఏసింది!"

మేము పలక మీద రాసి చూపేవాళ్లం. అతను చదివి, అరిచి జవాబు చెప్పేవాడు. మూడు వారాలు గడిచాక ఒక ఉదయం గుళికలు ఇవ్వబోతే నా చెయ్యి ఆపి, మొదటిసారి మెల్లగా అడిగాడు: "ముందర నిలబడేవానికే ఇనపడకపోతే ఎనకుండే వాళ్ల గతేంది?"

డాక్టరు కెప్టెన్‌ను అడిగాను. ఆయన అరవ మనిషి, తక్కువ మాటలు. "పొరలు మానుతున్నాయి. లోపలి నరం బతికి ఉందా లేదా అన్నదే ప్రశ్న. గట్టి శబ్దం, శుభ్రమైన శబ్దం, చెవికి ఆనించి ఇస్తే తెలుస్తుంది. అలాంటి యంత్రం మద్రాసులో ఉంది. ఇక్కడ లేదు" అన్నాడు. నరం చచ్చిపోయి ఉంటే మద్రాసు ప్రయాణం కూడా దండగేనని చెప్పకుండానే చెప్పాడు.

సరిగ్గా ఆ వారమే వార్డు వినోదానికి కొంత సొమ్ము మంజూరైంది. సిగ్నల్ గుడారంలో రేడియో ఉంది. దానికి తగిలించుకోవడానికి హెడ్‌ఫోన్లు, ఒక ఆంప్లిఫయరు కొనమన్నారు. "సంగీతం వింటారట కదా. మీరే ఎంచండి" అన్నాడు కెప్టెన్. నేను విన్నదల్లా మిషన్ బంగళా గ్రామఫోను, అదీ కిటికీ బయట నిలబడి. ఆ మాట నోరు దాటలేదు. ఆజ్ఞ ఆజ్ఞే.

తెల్లవారుజామున నాలుగుకు లారీ కదిలింది. నాతో సిగ్నల్ హవల్దార్. కోసిగి మనిషి, సగం కన్నడం, సగం తెలుగు, మొత్తం ఎగతాళి.

"దుడ్లు తక్కువ, మంది ఎక్కువ సిస్టర్. పాత మిలిటరీ జతలు ఆరు కొందాం. మంచానికొగటి. ఎవురూ కొట్లాడుకోరు."

నేను తల ఊపాను. ఊపడం నాకు తేలిక.

పది గంటలకు కర్నూలు. రేడియో దుకాణం సాయిబు గడ్డం తెల్లగా, వేళ్ల కొనలు టంకంతో నల్లగా ఉన్నాయి. "రా బేటీ, కూర్చో" అని మూడు రకాలు బల్ల మీద పెట్టాడు.

మొదటివి యుద్ధంలో మిగిలినవి. తేలిక. చెవికి గట్టి డబ్బీ మూత ఆనించినట్టు ఉంది. మాట స్పష్టం, పాట మాత్రం ముక్కుతో పాడినట్టు. తంతి కొట్టేవాళ్లకు చేసినవి కదా. రెండోవి విదేశీవి, కొత్తవి, మెరుస్తున్నాయి. ఫిడేలు, ఆడగొంతు తేనెలా ఉన్నాయి. హవల్దార్ వాటిని నెత్తిన పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

"ఇవే సిస్టర్! అబ్బ! ఆరు కాకుంటే మూడే కొందాం."

"యాడికి తీస్కపోతారప్పా?" అన్నాడు సాయిబు.

"ఆలూరు. గుడారం."

"వద్దప్పా. దీంట్లో ఉండేది ఉప్పురాయి మాదిరి పలుకు. ఆలూరు ఎండకు రెండు దినాల్లో సచ్చిపోతాది. ఎవురన్నా మేడింట్లో ఫ్యాను కింద కూసోని ఇనేవాళ్లకు అమ్ముకుంటా."

మూడోవి పెద్దవి. తోలు దిండ్లు చెవిని మొత్తంగా కప్పేస్తాయి. బరువుకు మెడ ఒకసారి వంగింది. సాయిబు వాటిని పందిళ్లకు అద్దెకిచ్చే పెద్ద ఆంప్లిఫయరుకు తగిలించాడు. చెవుల్లో తేనెతుట్టె కదిలినట్టు హోరు.

"పందిట్లో కూసున్నోనికి ఈ హోరు ఇనపడదు బేటీ. చెవికి పెట్టుకున్నోనికి అదే ఇనపడతాది. దీనికి సద్దు చెయ్యని చిన్న యంత్రం కావల్ల. ఉండాది. కానీ జత, యంత్రం కలిపితే మీ దుడ్లన్నీ అయిపోతాయి. ఇంకో జతకు మిగలదు."

ఆయన వేసినవన్నీ సినిమా రికార్డులు. అన్నిటిలోనూ ఫిడేళ్లే. ఆ పాటలకు రెండోవే బాగున్నాయి, అందులో అనుమానం లేదు. కానీ మందు నాయక్ వినాల్సింది ఫిడేలు కాదు. దుకాణంలో చెక్కభజన రికార్డు లేదు. బల్ల చివర పందిళ్లకు అద్దెకిచ్చే మైకు కనిపించింది. నాకు ఒక ఉపాయం తోచింది. దాన్ని నోట పలకడానికి చాలాసేపు పట్టింది.

"హవల్దార్‌గారూ, మీరు... ఆ మైకు ముందు రెండు చెక్కముక్కలు కొడతారా? కాలు కూడా నేలకు..."

"నేనా? ఈ బజార్లోనా?"

"ఆజ్ఞ" అన్నాను. జీవితంలో మొదటిసారి ఆ మాట వాడాను. నా హోదా అతనికన్నా పెద్దదని ఇద్దరికీ అప్పుడే గుర్తొచ్చింది.

కోసిగి హవల్దార్, సాయిబు కొలబద్ద ఒకటి, చెక్కపెట్టె మూత ఒకటి పట్టుకుని బూట్లతో చిందు వేశాడు. వీధిలో జనం ఆగారు. టీ కొట్టతను కేక వేశాడు: "ఏమప్పా మిలిటరీ, జీతం పెంచినారా ఏంది?" నేను ఒకటి తరవాత ఒకటి పెట్టుకున్నాను. మెరిసేవాటిలో చెక్క టక్కుటక్కుమంది. బూటు లేదు. మిలిటరీవాటిలో రెండూ ఒకే టిక్కు. పెద్దవాటిలో చెక్క పైన, బూటు కింద, వేరువేరుగా. బూటు పడిన నేల కూడా వినిపించింది.

"ఇవి కావాలి" అన్నాను. "ఒకటే జత. ఆ చిన్న యంత్రంతో."

హవల్దార్ చెమట తుడుచుకుంటూ, "ఆరు తలకాయలకు ఒగటే టోపీనా?" అన్నాడు.

"వంతులు వేద్దాం."

దారిలో పత్తికొండ దగ్గర లారీ ఆపి అతను వైర్‌లెస్‌లో క్యాంపుకు చెప్పాడు.

"జతలెన్ని? ఓవర్."

"ఒగటి. ఓవర్."

"సరిగా ఇనపడలే. మళ్లీ చెప్పు. ఓవర్."

"ఒగటేనప్పా. సిస్టర్ ఆజ్ఞ. ఓవర్."

వార్డులో ఊహించినట్టే అయింది. కాలు విరిగినవాడు, "పెండ్లికొడుకు బాసికం మాదిరి ఒగటే తెస్తిరే! తాళి ఎవురికి కడతారు?" అన్నాడు. కెప్టెన్ పెట్టె విప్పి, దిండ్లు నొక్కి చూసి, నావైపు ఒకసారి చూశాడు. అంతే.

మర్నాడు సాయంత్రం ఐదుకు, ఎండ తగ్గాక, మొదలుపెట్టాం. శబ్దం తక్కువ నుంచి మెల్లగా పెంచాలి, నొప్పి అంటే ఆపాలి అన్నది కెప్టెన్ ఆజ్ఞ. హెడ్‌ఫోన్లు నాయక్ చెవులకు తగిలించి, ముందు రేడియోలో ప్రసంగం పెట్టాం. నాయక్ తల అడ్డంగా ఊపాడు. "నీళ్లలో ఎవురో గొణుగుతాండారు!"

బావి దగ్గర రాళ్లు మోసే కూలీలు కోసిగి నుంచి వచ్చినవాళ్లు. వాళ్లలో చెక్కలు పట్టేవాళ్లు ఐదుగురున్నారని హవల్దార్ కనిపెట్టాడు. వాళ్లను పిలిచాడు. రేషన్ పెట్టె మీద సిగ్నల్ గుడారం మైకు. చెక్కలు మోగాయి, కాళ్లు లేచాయి. మంచం చివర నాయక్ బొటనవేలు కదిలింది. వార్డంతా "ఆహా" అంది.

కెప్టెన్ చెయ్యెత్తి ఆపాడు. "అతను చూస్తున్నాడు. వాళ్ల కాళ్లను చూసి వెయ్యొచ్చు."

ఆ మాట నిజం. మాలో ఎవరికీ తోచలేదు. హవల్దార్, నేను కలిసి మధ్యలో తాడు కట్టి కంబళి వేలాడదీశాం. ఇప్పుడు నాయక్‌కు నల్లటి ఉన్ని తప్ప ఏమీ కనిపించదు. అతనికి సంగతి అర్థమైంది. మంచం పట్టె పట్టుకుని కూర్చున్నాడు. కాలు విరిగినవాడు కూడా నోరు మూశాడు.

కంబళి అవతల మొదలైంది. వేలు కదల్లేదు. హవల్దార్ శబ్దం పెంచే మీట కొంచెం తిప్పాడు. కదల్లేదు. ఇంకొంచెం. నేను నాయక్ పాదం మీంచి కళ్లు తియ్యలేదు. మడమ పగుళ్లలో ఇంకా బావి రాతిపొడి ఉంది. ఎన్నిసార్లు తడిబట్టతో తుడిచినా పోలేదు.

వేలు లేచింది. పడింది. మళ్లీ లేచింది. కెప్టెన్ సైగ చేశాడు. అవతల ఆపారు. వేలు ఆగింది. మళ్లీ సైగ. ఈసారి వడి పెంచారు. వేలు వడి పెంచింది. ఉన్నట్టుండి నాయక్ కంబళి వైపు వేలు చూపి గుడారం అదిరేలా అరిచాడు:

"ఆ రెండోవాడెవడ్రా? తాళం మింగతాండాడు! కాలు ఎనకబడతాండాది సూడు!"

అవతల చెక్కలు ఆగిపోయాయి. కాసేపటికి ఒక సన్నటి గొంతు: "నాకు కాల్లో ముల్లిరిగిందప్పా!"

వార్డు వార్డంతా నవ్వింది. కాలు విరిగినవాడు దిండు కొరుక్కున్నాడు. నాయక్‌కు ఆ నవ్వు వినపడలేదు. మా నోళ్లు చూసి ఏమైందన్నట్టు అందరివైపూ తల తిప్పాడు. అవతలి జవాబు పలక మీద రాసి చూపించాను. చదివాక ముఖం రెండు చేతులతో కప్పుకున్నాడు.

కెప్టెన్ అప్పుడు అవతల మళ్లీ చెక్కలు మోగించి, ఎడమ దిండు ఒక్కటే ఆనించాడు. ఏమీ లేదు. మీట చివరిదాకా తిప్పినా లేదు. కుడిది ఆనించాడు. వేలు లేచింది. "కుడి నరం బతికే ఉంది. పొర మానితే యంత్రం లేకుండానే వింటాడు. ఎడమ వైపు ఆశ లేదు" అని రాసుకున్నాడు. మద్రాసుకు పంపే కాగితం ఆ పూటే తయారైంది.

తరవాత ఆ జత వంతుల మీద నడిచింది. ఎండదెబ్బ మనిషికి హరికథలు. కాలు విరిగినవాడికి సినిమా పాటలు. ఫిడేలు కాస్త మొద్దుగా ఉందని ఫిర్యాదు చేశాడు. నిజమే. అన్ని పాటలకూ సరిపోయే జత సాయిబు దగ్గర లేదు, ఎక్కడా ఉండదేమో. నా వంతు ఆదివారం. బెజవాడ నుంచి నాగస్వరం విన్నాను. ఊదేవాడు ఊపిరి పీల్చడం కూడా వినిపించింది. డైరీలో ఆ రోజు కింద ఒక్క వాక్యమూ రాయలేకపోయాను.

జులై చివర వాన పడింది. మేము లోతు చేసిన బావుల్లో కొన్నిట్లో అంతకుముందే ఊట వచ్చింది. కొన్నిట్లో రాలేదు. గుడారాలు మడిచాం. నాకు సెలవు దొరికింది. మద్రాసులో పరీక్షలు ముగించుకుని, దళం నుంచి విడుదలై, నాయక్ కూడా గుంతకల్లుకు వచ్చి ఆఖరి కాగితాలు తీసుకున్నాడు. కడప దాకా ఒకే రైలు. సగం దారి దాటాక ఇద్దరం వేరుశెనగలు తిన్నాం. అతను నన్ను తన కుడి పక్కన కూర్చోబెట్టుకుని, ఎడమ చెవి కిటికీకి పెట్టి కూర్చున్నాడు. రైలు చప్పుడు అటువైపు పోతే పోనీ అన్నాడు.

కడప బస్సు స్టాండులో అతని భజన జట్టు కాచుకుని ఉంది. పదిమందీ ఒక్కసారి మీదపడ్డారు. అందరూ అన్ని వైపుల నుంచీ మాట్లాడుతున్నారు. నాయక్ ఎడమ వైపు నిలబడ్డవాడి భుజాలు పట్టుకుని కుడి వైపుకు జరిపాడు. తరవాత ఇంకొకణ్ణి. ముసలివాళ్లనూ, పడుచువాళ్లనూ, ఒక్కొక్కరినీ, బియ్యం మూట దించినంత మెల్లగా. చివరికి జట్టంతా అతనికి కుడి వైపున ఒకే వరసలో నిలబడింది. ఎడమ వైపు ఎండ తప్ప ఎవరూ లేరు. ఇప్పటికీ కళ్లు మూస్తే ఆ వరస, ఆ ఖాళీ కనిపిస్తాయి.

బస్సు హారన్ కొట్టింది. నేను దగ్గరకు పోయి, పోయి రండి అన్నాను. తొందరలో, నాకు తెలిసి తెలిసీ, ఆ ఖాళీలోనే నిలబడ్డాను. అతను నా పెదవులు కదలడం చూశాడు. నా భుజం మీద చెయ్యి వెయ్యలేదు. తనే ఒక అడుగు తిరిగాడు.

"ఆ చెవి బాయికిచ్చేసినా సిస్టరమ్మా. ఇదో, ఈ పక్క చెప్పు. ఇంటా."