మాస్టారి గరాజ్‌లో తూటా మందు

మాస్టారు పోయారన్న కబురు తెలిసినప్పుడు నేను ఆఫీసు పని మీద వెల్లింగ్టన్‌లో ఉన్నాను. మాస్టారి భార్య, ఆంటీ, ముందుగా మా ఊరు పాపకూరలో ఉన్న మా ఆవిడకు ఫోన్ చేసి, ఆ తర్వాతే నాకు చేశారు. అంత దుఃఖంలోనూ నా మనసు చివుక్కుమంది. ఈ కుళ్లు సంగతి దాచిపెట్టి మాస్టారి గురించి రాస్తే అబద్ధం రాసినట్టే.

ఆయనది గుంటూరు. ఎప్పుడో వచ్చి ఇక్కడి హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. తోటి టీచర్లతో కొండల్లో తిరిగి జింకల వేట నేర్చుకున్నారు. రైఫిల్ తూటాలు కొనకుండా, ఖాళీ ఇత్తడి తొడుగుల్లో పేలుడు మందు పోసి గరాజ్‌లో తనే నింపుకునేవారు. రెండు వేల సంవత్సరం దాటాక మేం ఆయన ఉండే వీధిలో దిగాం. ఆయన వెంట వేటకు వెళ్లాలని తుపాకీ లైసెన్సు తెచ్చుకున్నాను. ఇంట్లో ఒక్కతే తోచక మా ఆవిడా తెచ్చుకుంది. శనివారాలు ఇద్దరం ఆయన దగ్గర కూర్చునేవాళ్లం. మాస్టారు కాఫీ గ్లాసుని గరాజ్ గడప దాటనిచ్చేవారు కాదు. తలుపు మూయగానే రేడియో కట్టేసేవారు.

ఒకరోజు తన పాత రైఫిల్‌కి ఏ మందు సరిపోతుందో పుస్తకం చూసి చెప్పమన్నారు. నేను పట్టికలో గుండుకి అన్నిటికన్నా ఎక్కువ వేగం రాసి ఉన్నదాని మీద వేలు పెట్టాను. మా ఆవిడ పుస్తకం తెరవనే లేదు. గుండు బరువెంత, గొట్టం పొడవెంత, ఎంత దూరం నుంచి కాలుస్తారని అడిగింది. అన్నీ విన్నాక, నిదానంగా కాలే మందు ఒకటి చూపించింది. అది ఇత్తడి తొడుగుని దాదాపు నింపుతుంది కాబట్టి పొరపాటున రెండుసార్లు పోస్తే పొంగి కనబడిపోతుందట.

"అమ్మాయి అడిగింది. నువ్వు వెతికావు," అన్నారు మాస్టారు నాతో. నవ్వుతూనే అన్నారు. నాకు వారం రోజులు ముద్ద దిగలేదు. ఆ తర్వాత మందు బీరువా రెండో తాళంచెవి కూడా ఆమె చేతికే ఇచ్చారు.

బల్ల మీద ఒక్క డబ్బాయే ఉండాలన్నది ఆయన నియమం. ఒక శనివారం బీరువా తెరిచి ఉండగానే మాస్టారూ మా ఆవిడా పెరట్లోకి వెళ్లారు. వచ్చేలోగా నా తూటాలు నింపి చూపించాలన్న తొందరలో మొదటి డబ్బా లోపల పెట్టకుండానే రెండోది తీశాను. మిగిలిన మందు తిరిగి పోసేశాక అనుమానం వచ్చింది. రెండూ బూడిద రంగే. ఏ డబ్బాలో పోశానో చెప్పలేను. తప్పు మందు పడితే తుపాకీ చేతిలోనే పేలిపోవచ్చు. మా ఆవిడ ముందు ఒప్పుకోలేక నోరు మూసుకున్నాను.

మూడో రోజు సాయంత్రం, మర్నాటి వేటకు మాస్టారు తూటాలు నింపబోతున్నారని ఆంటీ మాటల్లో తెలిసింది. పరిగెత్తాను. ఆయన ఆ రెండు డబ్బాల్లో ఒకటి చేతిలో పట్టుకుని ఉన్నారు. జరిగింది చెప్పాను.

ఆయన రెండు డబ్బాల మందూ గులాబీ మడిలో పలచగా చల్లి నీళ్లు పట్టారు. "మూడు రోజులు పట్టిందోయ్ నీకు. పోనీలే, చెప్పావు. చెప్పేవాడితో కొండెక్కొచ్చు," అన్నారు. అది నాకు ఎవరూ ఇవ్వని సర్టిఫికెట్. ఈ సంగతి మా ఆవిడకు ఆయన ఏనాడూ చెప్పలేదు.

ఆఖరిసారి ఆయన్ని చూడ్డానికి హాస్పిటల్‌కి ఇద్దరం వెళ్లాం. మిగిలిన మందు ఏం చేయాలో ఆమెకు వరసగా చెప్పారు, ఆమె రాసుకుంది. తర్వాత నా చెయ్యి పట్టుకుని గుంటూరు మిరపకాయ బజ్జీల గురించి, తను కాల్చలేక వదిలేసిన జింక గురించి అరగంట మాట్లాడారు. పట్టుకున్న చెయ్యి వదలకుండానే నిద్రపోయారు.

తిరిగొస్తుంటే, కారు మోటర్‌వే ఎక్కాక మా ఆవిడ అంది: "నాకెప్పుడూ పాఠమే చెప్పారండీ. కబుర్లన్నీ మీకే. మిమ్మల్ని చూసి ఎన్నేళ్లుగా కుళ్లుకుంటున్నానో మీకు తెలీదు."

ఇన్నేళ్లూ నేను ఆమెకు దక్కినదే లెక్కపెట్టుకున్నాను.

దహనం అయిన మర్నాడు ఆంటీని చూడ్డానికి వెళ్లాం. ఆవిడ మాస్టారి వేట మేజోళ్లు ఉతికి పెరట్లో ఆరేశారు. ముతక ఉన్నివి, మడమల దగ్గర వేరే రంగు దారంతో కుట్టినవి. గాలికి తీగ ఊగుతోంది, వాటి కొసల నుంచి నీళ్లు ఒక్కొక్క చుక్కే గడ్డిలోకి రాలుతున్నాయి.