అమ్మ రెప్పలూ, మిరపకాయ తొడిమా

మిరపకాయల కాలంలో మా గుంటూరు పక్క ఎవరి కళ్లు మాత్రం సరిగ్గా ఉంటాయి? కళ్లాల్లో కాయలు ఎండుతుంటే బస్సులో పోయేవాళ్లూ కళ్లు నలుపుకుంటారు. అందుకే మా అమ్మ రెప్పలు అదేపనిగా కొట్టుకోవడం మొదలైనప్పుడు మేమెవరం పట్టించుకోలేదు. ఆమెది కోల్డ్ స్టోరేజీ దగ్గర కాయలకు తొడిమలు తీసే పని. ఘాటు అన్నాం, ఆముదం రాశాం. కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే నేను కూడా, సిగ్గులేకుండా, ఘాటే అన్నాను.

సీజన్ అయిపోయింది, రెప్పలు ఆగలేదు. తోటి ఆడవాళ్లు శకునం చూశారు. ఆడవాళ్లకు ఎడమకన్ను అదిరితే మంచిది, కుడికన్ను అదిరితే కీడు, రెండూ అదిరితే చెల్లుకు చెల్లట. అమ్మ చర్చికి వెళ్లే మనిషి, శకునాలు నమ్మదు. అయినా ఎడమది కాస్త ఎక్కువ అదురుతోందా అని నన్ను చాటుగా అడిగింది.

రెండో సీజన్‌కు మూసుకున్న రెప్పలు తెరుచుకోవడం మానేశాయి. వేళ్లతో ఎత్తి పట్టుకుని చూసేది. పని మానేసింది. ఆదివారం వాక్యం చదవడం వేరేవాళ్లకు ఇవ్వాల్సి వచ్చింది. దానికి మాత్రం ఏడ్చింది.

ఒంగోలులో కంటి డాక్టరమ్మ చూసి, ఇది ఘాటు కాదు, రెప్పల కండరాలు బిగుసుకునే జబ్బు అంది. ఒక సూక్ష్మజీవి విషాన్ని రవ్వంత సూదిమందుగా ఇస్తానంది. డబ్బాల్లో పాడైన తిండిలో పుట్టే విషం అదేనని నేను నోరు జారాను. అమ్మ కుర్చీలోంచి లేచింది.

ఇక పాఠం మొదలుపెట్టాను. విషంలో ఒక ఎంజైమ్ ఉంటుందనీ, అది నరం చివర్లోకి దూరి అక్కడి ఒక ప్రొటీన్‌ను కోస్తుందనీ, అది తెగితే కండరానికి బిగుసుకోమనే కబురు అందదనీ చెప్పాను. మా క్లాసులో అయితే ఈపాటికి సగంమంది నిద్రపోయేవారు. అమ్మ మాత్రం బొటనవేలూ చూపుడువేలూ కలిపి గాలిలో ఏదో తుంచింది.

"అంటే తొడిమ తీసుద్ది. కాయకేం కాదు."

"ఏం కాదమ్మా."

మూడు నాలుగు నెలలకు ఆ ప్రొటీన్ మళ్లీ వస్తుందనీ, మళ్లీ సూది వేయించుకోవాలనీ కూడా చెప్పాను. ఏటా తొడిమలు తీసే మనిషికి అదేం వింత కాదు. కూర్చుంది.

సూది వేయించుకున్న అయిదో రోజు పొద్దున కాఫీ ఇస్తుంటే, వేళ్ల సాయం లేకుండా రెప్పలెత్తి నా వైపు చూసింది. చాలాసేపు చూసింది. బైబిలు తెమ్మంటుందనుకున్నాను.

"నీ జుట్టు ఇంత ఎప్పుడు నెరిసిందే?" అంది.

రెండేళ్లు ఘాటు, ఘాటు అంటూ కూర్చున్నది నేనే. కాయల కాలం కాదు, ఆ రోజు కళ్లు నలుపుకున్నది మాత్రం నేను.