మాట అందించని బడి

మా మనవరాలిని ఆరో తరగతిలో వెయ్యడానికి శ్రీకాకుళంలో పదకొండు సర్కారు బడులు గాలించాను. జూన్ ఎండలో, కాలినడకన, వారం రోజులు. ఈ మాట మా వీధిలో అందరికీ చెప్పి ఉన్నాను కాబట్టి ముందు అదే రాశాను. అసలు సంగతి: బడులు మూడు. వెళ్లింది ఆటోలో. పట్టింది రెండు రోజులు, అందులో ఒక పూట టిఫిన్‌కే పోయింది.

పిల్లకి నత్తి. అయిదు దాకా చదివిన కాన్వెంటులో పొద్దున్నే హాజరు పిలిస్తే ‘ప్రెజెంట్ మేడమ్’ అనాలి. మొదటి అక్షరం దగ్గరే దాని పెదాలు అతుక్కుపోయేవి. వెనక బెంచీ నుంచి ఎవరో ఒకరు ఆ మాట పూర్తిచేసేవారు, క్లాసంతా నవ్వేది. చివరి నెలంతా పిల్ల అక్కడ నోరు విప్పలేదు. సెలవులయ్యాక ఇక ఏ బడికీ వెళ్లనంది. మా అబ్బాయి ఇంకో కాన్వెంటు చూస్తానన్నాడు గానీ కోడలు నా దగ్గరికొచ్చి, “మావా, ఖాళీగానే ఉన్నావు గదా. గవర్నమెంటు బడులు సూసి రా. బిల్డింగు కాదు, క్లాసులో కూకుని సూడు” అంది. ఇప్పుడు తప్పితే పిల్ల చదువు అయిదుతోనే ఆగిపోతుందని ఆమె భయం. నాదీ అదే.

మొదటిది నాగావళి ఒడ్డుకి దగ్గర్లో ఉన్న పెద్ద బడి. గేటు దాటగానే దండం పెట్టాలనిపించింది. వాలీబాల్ కోర్టుకి ఆ రోజే గీసిన సున్నం గీతలు. ఆడపిల్లల మరుగుదొడ్లలో కుళాయి తిప్పితే నీళ్లొస్తాయని స్వయంగా చూసినట్టు ఇంట్లో చెప్పాను. చూడలేదు, ఆయా చెప్పింది. లెక్కల మాస్టారు ప్రశ్న పూర్తి చెయ్యకముందే పేలాలు వేగినట్టు జవాబులు. మా రోజుల్లో మాస్టారికే అంత వేగం లేదు. కానీ ఆ పేలాల మధ్య మా పిల్లని ఊహించుకున్నాను. అది మొదటి అక్షరం పట్టుకునేసరికి గంట కొట్టేస్తారు.

రెండోది నరసన్నపేట వెళ్లే రోడ్డు వైపు. చంకలో ఫైలు, చేతిలో గొడుగు చూసి నన్ను మధ్యాహ్న భోజనం తనిఖీకొచ్చిన అధికారి అనుకున్నారు. నేను కాదనలేదు. ఫైల్లో ఉన్నవి పిల్ల టీసీ, నా బీపీ మందుల చీటీ. వంటావిడ రెండు గుడ్లు వేసింది. సాంబారు మా ఇంటి సాంబారు కంటే బాగుంది, ఇది మా ఆవిడ చదవదని నమ్మకం. ఆవరణలో ప్రతి చెట్టుకీ పేరు రాసిన పలక, పలక రాసిన పిల్లే పక్కన నిలబడి దాని గుణాలు చెబుతోంది. చివరికి సిగ్గేసి హెడ్మాస్టారితో నిజం చెప్పేశాను. ఆయన నవ్వి, “తినేసినాక సెప్తన్నారా బాబూ” అన్నారు. మనుషులంటే అలా ఉండాలి. అయితే ఆరో తరగతి రెండు సెక్షన్లూ ఒకే గదిలో కిక్కిరిసి ఉన్నాయి. ఒక పిల్ల కోసం ఆగడానికి అక్కడ ఎవరికీ వీలు లేదు.

మూడోది చర్చి వెనక సందులో చిన్న రేకుల బడి. చూడగానే నాకు నచ్చలేదు. వెళ్లిపోబోతుంటే హాజరు మొదలైంది, సరే అని వెనక కూర్చున్నాను. అక్కడ ‘ప్రెజెంట్’ లేదు. పేరు పిలవగానే లేచి, వచ్చే దారిలో చూసినదొకటి చెప్పాలి. బస్సుల కాంప్లెక్సు దగ్గర గేదె ఆటోని కదలనివ్వలేదని ఒకరు, కొత్త సినిమా పోస్టరు పడిందని ఒకరు. తర్వాత ఒక పిల్ల లేచింది. ఇంట్లో ఒడియా మాట్లాడతారట, తెలుగు ఇంకా వెతుక్కుంటోంది. “ఏట్లో... తెల్లగా...” అని ఆగింది. టీచరమ్మ ఆగింది. క్లాసంతా ఆగింది. ఒక్కరూ నవ్వలేదు. నేనే ఆగలేకపోయాను. ‘కొంగ’ అనేశాను, గట్టిగా.

తలలన్నీ నా వైపు తిరిగాయి. టీచరమ్మ నెమ్మదిగా, “తాతగారూ, ఇక్కడ మాట అందించకూడదండీ. ఎవరి మాట వాళ్లదే” అంది.

ఆ పిల్ల నా వంక జాలిగా చూసి, “కొంగ కాదు. చొక్కా. కొట్టుకుపోతంది” అని కూర్చుంది.

అసలు ఒప్పుకోలు ఇది. కాన్వెంటు పిల్లలు వెనక బెంచీలో చేసిన పని ఇంట్లో చేసేది నేనే. నా మనవరాలు సగం అక్షరం పలికితే మిగతాది నాకు తెలిసిపోతుందని ఊరంతా గొప్పలు చెప్పుకున్నాను. దానికి మంచినీళ్లు కావాలంటే మజ్జిగ తెచ్చిచ్చిన రోజులున్నాయి. మళ్లీ మొదటి అక్షరం నుంచి ఎక్కడ మొదలెడుతుంది? ఆ మజ్జిగే తాగేసేది.

ఆ రేకుల బడిలోనే చేర్పించే రోజు పిల్లని బతిమాలి, ఒక్కసారి చూసి నచ్చకపోతే వచ్చేద్దామని ఒట్టేసి తీసుకెళ్లాను. హెడ్మిస్ట్రెస్ గారు పేరడిగారు. పిల్ల పెదాలు అతుక్కున్నాయి. నా నాలుక లేచింది. పళ్లతో నొక్కిపట్టాను, నెత్తురొచ్చిందని చెప్పను గానీ నొప్పి మాత్రం పుట్టింది. హెడ్మిస్ట్రెస్ గారు పెన్ను కింద పెట్టి, చేతులు కట్టుకుని కూర్చున్నారు. బయట ఎవరో గంట కొట్టినా కదల్లేదు. పిల్ల తన పేరు చెప్పింది. తండ్రి పేరు చెప్పింది. అంతటితో ఆగుతుందనుకున్నాను. కూడా వచ్చింది ఎవరమ్మా అని ఆవిడ అడిగారు.

నా మనవరాలు నన్ను ఎగాదిగా చూసింది. తొందరేం లేదన్నట్టు, ముక్క ముక్కగా చెప్పింది. “మా తా... తాత. మం... మంచోడే. మ... మధ్యలో దూరతాడు.”

దరఖాస్తులో ఆ మాటకి గడి ఉండదు. అయినా ఆవిడ చివరి అక్షరం దాకా విని, తలూపి, అప్పుడు పెన్ను తీశారు.