నాగేశం కాలికి అంటని సూదంటురాయి

నారాయణరావుపేట దిక్కున గౌండ్ల నాగేశం ఎక్కడున్నాడని ఎవరినైనా అడగండి, ముందు తల పైకెత్తుతారు, ఆ తర్వాతే జవాబు చెబుతారు. అలవాటు మరి! మీసాలు రాకముందు నుంచీ ఆయన తాటిచెట్ల మీదే కానీ నేల మీద కనిపించింది తక్కువ. ఇప్పుడు మాత్రం చూపు కిందికి దించాలి. తాటివనం అంచున ఒక రేకుల కొట్టం, అందులో ఒక ప్లాస్టిక్ కుర్చీ, ముందర కల్లు కుండలు. తను ఎక్కాల్సిన చెట్లను తమ్ముడి వరసయ్యే ఇస్తారి ఎక్కుతుంటే, ఆ కుర్చీలోంచి చూసి చూసి మెడ నొప్పి తెచ్చుకునే మనిషే నాగేశం.

నిరుడు మిరుగం కార్తె వానలకు చెట్టు మీంచి పడ్డాడు. "ముసురు పట్టింది, ఇయ్యాల పోకయ్యా" అని భార్య ప్రమీలమ్మ చెబితే వింటేనా! రెండు పూటలా గీయకపోతే గెల ఎండిపోతుందన్నాడు. నడుము వెనక నుంచి చెట్టు చుట్టూ వేసుకునే తాడు ఉంటుంది కదా, మోకు, అది నానిన బెరడు మీద పట్టు తప్పింది. సగం దిగాక పడ్డాడు కాబట్టి బతికాడు. తొడ ఎముక విరిగింది. సిద్దిపేటలో పెద్ద డాక్టరు ఎముక లోపల రాడ్ వేసి, "చెట్టు మాట ఇక మర్చిపో" అన్నాడు. ప్రమీలమ్మ ఇంటికి రాగానే మోకును చుట్ట చుట్టి అటక మీదికి విసిరేసింది.

మర్చిపోవాలట! చెప్పేవాళ్లదేం పోయింది. ఆ పైన ఏముందో ఎక్కనివాళ్లకు ఏం తెలుసు? కమ్మల సందున కూర్చుంటే గాలికి చెట్టుతోపాటు మనిషీ మెల్లగా ఊగుతాడు. గెలకు కట్టిన లొట్టిలో, అదే కల్లు కుండలో, కల్లు బుసబుస పొంగే చప్పుడు, కందిరీగల రొద వినిపిస్తాయి. కింద పొలాలన్నీ మడతలు విప్పి ఆరేసినట్టు కనిపిస్తాయి. పైన ఎవడూ ఏమీ అడగడు. ఎంత అలసిపోయి ఎక్కినా ఆ కాసేపు నాగేశానికి ప్రాణం హాయిగా ఉండేది. దాని కోసం ఆయన బెంగ పెట్టుకున్నాడు. మగవాడు చెట్టు కోసం బెంగ పెట్టుకున్నాడంటే నవ్వుతారని ఎవరికీ చెప్పుకోలేదు.

బిడ్డ వర్షిత ఎనిమిదో తరగతి. ఇంట్లో ఘర్షణ ఎక్కడెక్కడ పనిచేస్తుందో చూసి రమ్మని సైన్సు టీచరు వందన మేడం చెప్పిందని ఒకరోజు సాయంత్రం కొట్టంలోకి వచ్చి కూర్చుంది.

"బాపూ, మోకు చెట్టు మీంచి ఎందుకు జారదే?"

చాలా రోజులకు ఎవరో ఆ సంగతి అడిగారు. నాగేశం ముఖం విప్పారింది. "ఎనకకు వాల్తం గదా బిడ్డా. భయపడి చెట్టును కావలిచ్చుకున్నవనుకో, మోకు వదులైతది, సర్రున కిందికొస్తవ్. ధైర్యం జేసి ఎనకకు వాలినవనుకో, గది చెట్టును గట్టిగ పట్టుకుంటది."

"గదే బాపూ! ఎంత గట్టిగ ఒత్తితే ఘర్షణ గంత ఎక్కువ. ఆ ఒత్తేదాన్ని మా పుస్తకంల అభిలంబ బలం అంటరు."

"అబ్బో! గంత పెద్ద పేరున్నదా దానికి!"

"మరి గా దినం ఎందుకు జారింది?" అని అడిగి, జవాబు కూడా తనే చెప్పింది వర్షిత. "నడుమ నీళ్లు జేరినయ్. గరుకుదనం పోయింది. నీ తప్పు లేదు బాపూ."

ఇన్నాళ్లూ ఆయనను తిట్టినవాళ్లే కానీ ఆ ఒక్క మాట అన్నవాళ్లు లేరు. నాగేశం ముందరి లొట్టిలు సర్దుకున్నాడు.

అక్కడితో ఆగితే కథే లేదు. పాత స్పీకర్లోంచి ఊడదీసిన గుండ్రటి అయస్కాంతం ఒకటి వర్షిత జేబులో ఉంది. దానితో కనిపించినదల్లా పరీక్ష చేయడం ఆ పిల్లకు ఆట. రేకుకు పెట్టింది, అంటుకుంది. కల్లు గీసే కత్తికి పెట్టింది, టప్పున అంటుకుంది. "బాపూ, నీ తొడల రాడ్ ఉన్నది గదా!" అని తండ్రి కాలికి పెట్టింది. అంటలేదు. పైకీ కిందికీ జరిపింది. ఊహూ!

"లోపటున్నది గదనే. సూదంటురాయికి మాంసం అడ్డమొస్తది" అన్నాడు నాగేశం.

"రాదు బాపూ, చూడు." వర్షిత అరచేతిలో మేకు పెట్టుకుని, చేతి వెనక అయస్కాంతం ఆనించి, చేయి తిప్పింది. మేకు పడలేదు. "చెయ్యి అడ్డమున్నా గుంజుతది. మరి నీ కాలును ఎందుకు గుంజుతలేదు?"

పిల్ల అడగడం అడిగి తుర్రుమంది. నాగేశం ఆలోచన మాత్రం అక్కడే ఆగిపోయింది. ఇనుము ఉంటే అంటాలి. అంటలేదంటే? లేదు! కాలిలో రాడ్ లేదు! ఎముక తనదే, అతుక్కుంది, అయిపోయింది. మరి ఎక్స్‌రేలో తెల్లటి చువ్వ కనిపించింది కదా అంటారా? ఆ ఫొటో తనదేనని నమ్మకం ఏముంది, దవాఖానలో అంతమంది ఉన్నారు, ఏదో మారిపోయి ఉంటుంది. ఇదీ ఆయన లెక్క. ఆశపడ్డ మనిషికి నచ్చజెప్పడం ఎవరి తరం? ఆ పూట అన్నం కూడా సయించలేదు, సంతోషంతో.

మర్నాడు ప్రమీలమ్మ చుట్టాలింట్లో కార్యం ఉందని నంగునూరు పోయింది. ఇస్తారి వనానికి అవతలి వైపున ఉన్నాడు. నాగేశం అటక మీది మోకు దించి, కత్తి నడుముకు కట్టుకుని, దొంగలా వాగు గట్టు చెట్టు దగ్గరికి పోయాడు. మోకు చుట్టాడు. పాదాలకు బంధం వేసుకున్నాడు. రెండు అడుగులు ఎక్కాడో లేదో చేతులు వాటంతటవే చెట్టును వాటేసుకున్నాయి. జానెడు జారాడు. 'థూ, బిడ్డకు చెప్పిన పాఠం నువ్వే మర్చిపోతివి గదరా!' అని తనను తనే తిట్టుకుని, కళ్లు మూసుకుని వెనక్కి వాలాడు.

మోకు పట్టుకుంది.

ఇక చూడండి! మోకు ఎగరేయడం, వాలడం, కాళ్లు ఎత్తడం. నిలువెత్తు దాటాడు. ఇంకో నిలువు దాటాడు. కాలు నొప్పి అనలేదు. కంచె అవతలి వరిపొలం కనిపించింది, గాలి చెమటను తాకింది. నాగేశానికి ఏడుపొచ్చింది, నవ్వొచ్చింది. పైన కమ్మలు గలగలమంటున్నాయి. ఇంకా సగం కూడా కాలేదు.

"బాపూ! దిగు! రాడ్ ఉన్నది!"

బడి సంచీతోనే వర్షిత పరుగెత్తుకొస్తోంది. పొద్దున బడిలో మేడంను అడిగిందట. ఇంటికొచ్చి చూస్తే అటక మీద మోకు లేదు. ఇంకేముంది, పిల్లకు పైప్రాణాలు పైనే పోయాయి.

"లేదే. నువ్వే గదా చూపిచ్చినవ్" అన్నాడు నాగేశం పైనుంచే.

"తప్పు చూపిచ్చిన బాపూ!" సంచీలోంచి స్టీలు గ్లాసు తీసి దాని మీద అయస్కాంతం పెట్టింది. జారి గడ్డిలో పడింది. "గిది స్టీలే, అయినా అంటదు. తుప్పు పట్టకుండ ఇనుముల వేరేవి కలుపుతరట. గట్ల కలిపిన కొన్నిటిని మ్యాగ్నెట్ గుంజదట. దవాఖానల గసొంటిదే ఏస్తరని మేడం చెప్పింది. నీ తొడ సుత నా చెయ్యి లెక్క పల్చగుండదు గదా! నీ కాలు మంచిగ లేదు బాపూ, పడ్తవ్, దిగే!" అంటూ వెక్కి వెక్కి ఏడ్చింది.

నాగేశం పైకి చూశాడు. కిందికి చూశాడు. బిడ్డ అలా ఏడుస్తుంటే ఏ తండ్రి ఎక్కుతాడు! మెల్లగా దిగడం మొదలుపెట్టాడు. ఎక్కేటప్పుడు లేని నొప్పి దిగేటప్పుడు తొడలో మొదలైంది. నేల మీద కాలు మోపగానే వర్షిత వచ్చి నడుము చుట్టేసుకుంది.

బిడ్డ చేతిలోంచి గ్లాసు తీసుకున్నాడు. గడ్డిలో వెతికి అయస్కాంతం ఏరుకున్నాడు. కత్తికి పెట్టాడు, అంటుకుంది. గ్లాసుకు పెట్టాడు, జారింది. అంచుకు పెట్టాడు, అడుక్కు పెట్టాడు, లోపలి వైపు కూడా పెట్టి చూశాడు.

"అయితే ఉన్నట్టేనా?"

"ఉన్నది బాపూ."

నాగేశం గ్లాసు కింద పెట్టాడు. బిడ్డ కళ్లు తుడిచాడు. తర్వాత చిన్నపిల్లవాడిలా అడిగాడు.

"నేను మీదికి పొయ్యొచ్చినంక చెప్తే ఏమైతుండె బిడ్డా?"