ఎడమ చెవి కొస, కుడి చెవికి రెండు గాట్లు

గొర్రెను ఒక్కసారి ఎత్తితే బరువెంతో చెప్పేసేవాణ్ణి. పశువుల ఆసుపత్రిలో ముప్పై నాలుగేళ్ళు కాంపౌండరుగా చేసినవాడికి అదేమంత పెద్ద విద్య కాదు. ఐదేళ్ళుగా మోస్తున్న ఈ బరువెంతో మాత్రం చెప్పలేను. దించి చూస్తే గదా తెలిసేది. ఇంతవరకూ ఎవరి ముందూ దించలేదు. మీ ముందు ఎందుకు దించుతున్నాను? మీరెవరో నాకు తెలియదు గనుక. నేనెవరో మీకు తెలియదు గనుక. మా ఊరి పేరు చెప్పను. మడకశిరలో బస్సు దిగి ఇంకా కొంత దూరం పోవాలి, అంతే అనుకోండి.

వరుసగా చెబుతాను. నాకు ఇంకో విధంగా చెప్పడం రాదు. ఉద్యోగంలో చేరిన రోజు నుంచి డైరీ రాస్తున్నాను. వాన పడిందా లేదా (లేదనే ఎక్కువ రాశాను), ఏ మందకు నట్టల మందు తాపాము, ఏ ఊళ్ళో బొబ్బరోగం తగిలింది, ఎవరి మందకు ఏ చెవి గుర్తు. మా వైపు ప్రతి గొర్రెల ఇంటికీ ఒక చెవి కోత ఉంటుంది. పిల్ల పుట్టిన నెలలోపే కోస్తారు. కరువులో మేత వెతుక్కుంటూ పోయి మందలు కలిసిపోతే, చెవులు చూసి ఎవరివి వాళ్ళు విడదీసుకుంటారు. చుట్టుపక్కల ఇళ్ళన్నిటి కోతలూ బొమ్మలతో సహా నా డైరీల్లో ఉన్నాయి. తగవు వచ్చినప్పుడు పెద్దమనుషులు నన్ను డైరీ తెమ్మనేవాళ్ళు. నేను చదివి చెబితే ఆ మాటకు తిరుగు లేదు. ఈ సంగతి గుర్తుంచుకోండి.

నా తమ్ముడు ఓబులేసు నాకంటే పదిహేనేళ్ళు చిన్న. నాయన పోయాక నేనే పెంచాను. వానల్లేక మందంతా తెగనమ్ముకుని, చేతిలో కర్ర మాత్రం మిగిలి వాడు కూర్చుని ఉన్నప్పుడు భూషణం వచ్చాడు. భూషణం మా ఊరివాడే. గొర్రెల ఇంట్లోనే పుట్టినా ఎప్పుడో మందను వదిలేసి, సోమందేపల్లె దగ్గర హైవే పక్కన గది తీసుకుని మనుషులను పరాయి దేశాలకు పంపే పని పెట్టుకున్నాడు. “రొమేనియాలో గొర్రెలు కాసేదే పని. నీకు తెలియని పనా?” అన్నాడు. మా వైపు నుంచి పదకొండు మందిని తీసుకుపోయాడు. వాళ్ళలో ఒకడు నా తమ్ముడు. ఇంకొకడు ఈరన్న, భూషణం చెల్లెలు శివమ్మ మొగుడు. వాళ్ళతోపాటు భూషణం కూడా పోయాడు, మేస్త్రీగా.

అక్కడ వాళ్ళను తీసుకున్నది ఒక ముఠా. దాని చరిత్ర రెండు డైరీల నిండా రాశాను. తప్పించుకుని వచ్చినవాళ్ళను కూర్చోబెట్టి అడిగాను. ఫోన్లో దొరికినవాళ్ళను అడిగాను. ఒకడు చెప్పింది ఇంకొకడి మాటతో సరిచూసుకున్నాకే రాశాను. ఆ ముఠాను వాళ్ళ భాషలో ‘కాసా లినీ’ అంటారట, అంటే ఉన్ని ఇల్లు. పెద్ద తలకాయ పేరు గ్రిగోరె. మొదట్లో ఊరూరా తిరిగి ఉన్ని కొనుక్కునేవాడు. ఆ దేశంలో పాత ప్రభుత్వం కూలినప్పుడు సర్కారు మందలు దిక్కులేనివయ్యాయి. గ్రిగోరె, అతని ముగ్గురు బావమరుదులు కర్రలు పట్టుకుని పోయి వాటిని తోలుకొచ్చుకున్నారు. అడ్డమొచ్చిన కాపరులను కొట్టారు. తరువాత పక్క కొండల మందల మీద పడ్డారు. అక్కడ చెవి కోత ఉండదు, ప్లాస్టిక్ బిళ్ళ వేస్తారు. పాత బిళ్ళ పీకి కొత్తది కొడితే దొంగ గొర్రె దొర గొర్రె అవుతుంది. ఆ తరువాత దొంగ కాగితాలతో ఓడలకు ఓడలు గొర్రెలను అరబ్బు దేశాలకు పంపారు. పోలీసుల్లో వాళ్ళ మనుషులు, రేవులో వాళ్ళ మనుషులు. చివరికి, సొంత దేశపు పిల్లలు కూలికి వేరే దేశాలు పోయి కాపరులే దొరకనప్పుడు, మనుషులను తోలుకురావడం మొదలుపెట్టారు. పాస్‌పోర్టులు ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేస్తారు. గ్రిగోరె ఇంట్లో ఒకే ఒక్క చట్టం. మనిషి పారిపోతే దెబ్బలు. గొర్రె పోతే మనిషి పోతాడు.

ఇదంతా ఎందుకు రాశాను? న్యాయం కోసమని అప్పుడు అనుకునేవాణ్ణి. కాదు. శత్రువు ఇంటికి వాకిళ్ళు ఎన్నో, ఏ వాకిలికి గడియ లేదో తెలుసుకోవడానికి రాశాను.

ఎందుకంటే ఓబులేసు చచ్చిపోయాడు. పారిపోవాలని ఇంకో ఇద్దరితో మాట్లాడుకున్నాడు. భూషణం ఆ మాట గ్రిగోరె చెవిన వేశాడు. మంచు పడే కాలంలో బూట్లు గుంజుకుని వట్టికాళ్ళతో పైకొండకు తోలారు. కాళ్ళు నల్లబడి పన్నెండో రోజున పోయాడు. ఈ మాట చెప్పినవాడు వాడి పక్కనే పడుకున్నవాడు. ఇంటికి ఒక రేకు డబ్బాలో బూడిద వచ్చింది. మా ఇళ్ళలో కాల్చరు, పూడుస్తారు. మా అమ్మ ఆ డబ్బాను ఒళ్ళో పెట్టుకుని “కాళ్ళేవిరా, కాళ్ళేవి” అని అడిగింది. ఆ ఏడాదే ఆమె కూడా పోయింది.

ఆ రోజు డైరీలో ఒకే వాక్యం రాశాను. ‘భూషణం బతికి ఉన్నాడు.’ తరువాత ప్రతి రోజూ, వాన లెక్క కింద, అదే వాక్యం. రెండేళ్ళు రాశాను. పళ్ళు తోముకున్నంత క్రమంగా అతన్ని ద్వేషించాను. నిజం చెప్పాలంటే అది నాకు బాగుండేది. పొద్దున లేవడానికి ఒక పని ఉండేది.

ఒక మధ్యాహ్నం అన్నం తిని, కరెంటు లేక అరుగు మీద కూర్చుని ఫోను చూస్తున్నాను. మా గొర్రెలవాళ్ళ వాట్సాప్ గ్రూపులో, అక్కడున్న ఒకడు ఫొటో పెట్టాడు. మంచు కరిగిన కొండ, కట్టెల దడి, దడి దగ్గర మూడు గొర్రెపిల్లలు. చుట్టూ ఉన్న గొర్రెలన్నిటి చెవులకూ పసుపు బిళ్ళలున్నాయి. ఆ మూడింటికి లేవు. ఫొటో పెద్దది చేశాను. ఎడమ చెవి కొస కోసి ఉంది. కుడి చెవి కింది అంచున రెండు గాట్లు. అది భూషణం ఇంటి కోత.

ఆ కోత అక్కడికి ఎట్లా పోయిందో కూడా నాకు తెలుసు. తల్లి ఒల్లని పిల్లను పాలు పోసి ఎవడు బతికిస్తే ఆ పిల్ల వాడిది. ఇది మా సీమలో పాత కట్టుబాటు. దానికి మంద యజమాని కూడా అడ్డు చెప్పడు. అట్లాంటి పిల్లలను సాకినవాడెవడో, ఏ దేశంలో ఉన్నాడో మరిచి, చేతివాటం కొద్దీ తన ఇంటి కోత కోసుకున్నాడు. మావాడు తప్ప ఇంకెవడూ చేయని తప్పు. అది దొంగతనం కాదని నాకు తెలుసు. గ్రిగోరె దాన్ని ఏమంటాడో కూడా తెలుసు.

ఇక్కడిదాకా చెప్పడం తేలికే. ఇక అసలుది.

నేను వెంటనే పంపలేదు. లేచి లోపలికి పోయి బీరువా తెరిచి పాత డైరీ తీశాను. ఏ మాటా సరిచూసుకోకుండా చెప్పే అలవాటు లేదు గదా నాకు. శివమ్మ పెళ్ళి జరిగిన ఏడాది డైరీ. నా చేతి రాతే ఇట్లా ఉంది: ‘శివమ్మకు పుట్టింటివారు అరణం కింద ఇరవై గొర్రెలు ఇచ్చారు. కోత మార్చలేదు. ఇకమీదట ఈరన్న మందకు ఇదే గుర్తు.’

చదివాను. రెండుసార్లు చదివాను. భూషణం గొర్రెను ముట్టి ఎన్నాళ్ళయింది? అతను మేస్త్రీ. పాలు పట్టి పిల్లను సాకే మనిషా? ఒళ్ళో పిల్లను పెట్టుకుని సీసాతో పాలు తాపే ఓపిక ఈరన్నది. ఒకసారి వాడు కుంటి పిల్లను భుజానేసుకుని నడిచి ఆసుపత్రికి తెచ్చి, “సారూ, దీనికి ముందు చూడు, నాకు జొరం తరువాత చూద్దువు” అన్నాడు. పశువుల ఆసుపత్రిలో. ఆ రోజు నవ్వి డైరీలో రాసుకున్నాను. ఇదంతా ఆ మధ్యాహ్నం నాకు గుర్తుకొచ్చింది. మరిచిపోయాను అని ఐదేళ్ళుగా నాకు నేను చెప్పుకుంటున్నది అబద్ధం.

డైరీ మూసి ఫోను తీశాను. గ్రిగోరె మనుషుల నంబరు నా దగ్గరుంది. నా తెలుగును వాళ్ళ భాషలోకి ఫోనే మార్చింది. ఫొటోలో చెవుల చుట్టూ గీత గీసి మూడు వాక్యాలు రాశాను. ‘ఈ పిల్లలకు బిళ్ళలు లేవు. చెవి కోత చూడండి. ఇది మీ మేస్త్రీ భూషణం ఇంటి గుర్తు.’ మూడు వాక్యాల్లో అబద్ధం ఒక్కటీ లేదు. చూశారా నా పద్ధతి?

భూషణాన్ని పట్టుకుంటారు అనుకున్నానా? అనుకున్నాను. పట్టుకుంటే అతను ఎవరి పేరు చెబుతాడో ఊహించలేదా? ఊహించాను. అప్పుడు నాలో ఒక గొంతు ఏమన్నదో కూడా రాస్తాను, ఇంతదాకా వచ్చాక దాచి ఏం లాభం: చెల్లెలి మొగుడు పోతే భూషణానికి కూడా ఇంట్లో ఒక డబ్బా వస్తుంది, అన్నది.

డబ్బా కూడా రాలేదు. తొమ్మిది రోజుల తరువాత ఈరన్న ఫోను ఆగిపోయింది. బిళ్ళల్లేని ఆ పిల్లలు వాడివని తేలి పైకొండకు తీసుకుపోయారని ఒకడు చెప్పాడు. ఆ పైన ఎవరూ ఏమీ చెప్పలేదు.

నెలకు శివమ్మ మా ఇంటికి వచ్చింది. అర్జీలు రాసేది నేనే గదా ఊళ్ళో. చెంగులో నుంచి ఫోను తీసి నా ముందు పెట్టింది. అదే ఫొటో.

“అన్నా, ఇవి మా ఇంటి కోతే గదా?”

“ఫొటోలో సరిగా కనపల్లేదు మా.”

“కనపల్లేదా. మంద దుమ్ములో ఉన్నా చెవి చూసి ఇంటిపేరు చెప్తావంట నువ్వు. అద్దాలు తుడుచుకో.”

తుడుచుకున్నాను. “మీ కోత మాదిరే ఉండాది.”

“మాదిరేంది, మాదే. నాకు తెలీదా. నేనడిగేది అది గాదు. ఆ తెల్లోళ్ళు చెవికి బిళ్ళ ఉండాదా లేదా అనే చూస్తారంట. కోత చూసి ఇది ఫలానా ఇంటిదని చదివేటోడు ఆడ ఎవడుండాడు? ఈన్నించే ఎవరో చెప్పినారన్నా.”

ఆమె నా ముఖంలోకి చూస్తోంది. అనుమానమా, నమ్మకమా, నాకు ఇప్పటికీ తెలియదు.

“ఈడ ఎవరు చెప్తారు మా,” అన్నాను. “చదివేటోడు ఆడనే ఉండాడు గదా.”

“ఎవరు?”

“మీ అన్న.”

నా ముందున్న ఫోను తీసుకుని, “నా మొగుణ్ణా?” అంది.

“ఓబులేసును ఏం చేసినాడో మరిచిపోతివా?”

“మరిచిపోలేదన్నా. ఆ పాపమే తిరిగి నాకు తగిలిందనుకుంటి.” చెంగుతో ముక్కు తుడుచుకుంది. “సరే, అర్జీ రాయి. నీ మాదిరి రాసేటోళ్ళు ఈడ లేరు.”

రాశాను. ఆమె పోయాక, పెళ్ళినాటి డైరీలో ఆ పేజీ చింపేశాను. ఇన్ని డైరీల్లో నేను చింపిన పేజీ అదొక్కటే.

భూషణం ఇప్పుడు తిరిగి వచ్చేశాడు. హైవే పక్కన మేడ కట్టాడు. మొన్న చెల్లెలి వాకిట్లో కారు దిగితే ఆమె పేడనీళ్ళ బకెట్టు ఎత్తి అతని మీద పోసింది. “నా మొగుడు యాడరా?” అని వీధి వీధంతా వినేటట్టు అడిగింది. “ఈరన్న పేరు నేను చెప్పింది నిజమే మా, కానీ కోత సంగతి ముందు చెప్పింది నేను కాదు, వాళ్ళకు ముందే తెలుసు” అన్నాడతను, తల మీద నుంచి పేడ కారుతుండగా. ఎవరూ నమ్మలేదు. ఎదుటి అరుగు మీద నేనున్నాను. ఊళ్ళో అతను చెప్పిన మొదటి నిజం అది. దాన్ని నిజమని చెప్పగలవాణ్ణి నేనొక్కణ్ణే. నోరు విప్పలేదు. సంతోషించాను. నా తమ్ముడి కాళ్ళు గుర్తొచ్చి, కడుపు నిండా సంతోషించాను.

ఆ సంతోషమే నన్ను ఇక్కడ కూర్చోబెట్టింది. ఎందుకంటే భూషణం కారెక్కి పోయాడు, మేడకు పోయి స్నానం చేసుంటాడు. శివమ్మ ఖాళీ బకెట్టు పట్టుకుని వాకిట్లో నిలబడింది. మొగుడు లేడు. అన్నను నేను లేకుండా చేశాను. నా పగ ఎవరి ఇంటి ముందు నిలబడి ఉందో అప్పుడు కళ్ళారా చూశాను.

భూషణాన్ని క్షమించానా? లేదు. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. అది మీ చేతిలో లేదు. ఉన్నదాన్ని ఉన్నట్టు రాయడమే నాకు తెలిసిన పని. ఐదేళ్ళు ఆ పని మానేశాను. ఈ రోజు మొదలుపెట్టాను. చింపిన పేజీ పారెయ్యలేదు, బీరువా అడుగున మడిచి పెట్టాను. పొద్దున తీసి జిగురు రాసి దాని చోట అతికించాను. అతుకు కనపడుతోంది. కనపడనీ.

శుక్రవారం శివమ్మ వస్తుంది, ఏడో అర్జీ రాయించుకోవడానికి. ఇంతకుముందు రాసిన ఆరింటిలోనూ నాలుగో పంక్తి ఒకటే. ‘నా భర్త కనిపించకుండా పోవడానికి కారణం తెలియదు.’ ఆమె చెప్పకపోయినా నేనే ఆ వాక్యం చేర్చేవాణ్ణి. ఏడోసారి ఆ పంక్తి దగ్గరికి వచ్చినప్పుడు కలం ఆపుతాను. ఎందుకు ఆపినావన్నా అని ఆమె అడుగుతుంది.