గంగులమ్మ ముయ్యి తప్పిన యేడు

సోమల దగ్గర ఎకరన్నర మెట్ట చేను గంగులమ్మది. మొగుడు సిద్దప్ప నడుము పట్టేసి బరువు పనులు మానుకున్నాక చాకిరీ అంతా ఆమెదే. అయినా కూలి మనిషిని పెట్టి ఎరగదు. ఆ ఊళ్లో ఐదారుగురు ఆడవాళ్లు ముయ్యి పెట్టుకుని పనులు గడుపుకునేవాళ్లు. ఈ పొద్దు నీ చేలో అందరం, రేపు నా చేలో అందరం, డబ్బు మాటే లేదు. వాళ్లలో పెద్దది అక్కమ్మ. మాట తక్కువ, పట్టుదల ఎక్కువ.

రెండువేల మూడో నాలుగో, ఆ యేడు పుంగనూరు ఎరువుల అంగడాయన మాట విని గంగులమ్మ వేరుశనక్కి తొలిసారి యూరియా కొనింది. సంచిని పసిబిడ్డను పడుకోబెట్టినట్టు గోడవార పెట్టుకుంది పాపం. వాన పడాలి, నేలలో తడి పదునుండగానే చల్లాలి. వాన పడనే పడింది, సరిగ్గా అక్కమ్మ చేలో కలుపు తీసి ముయ్యి తీర్చాల్సిన రోజున! మెట్ట చేనున్న వాళ్లకే తెలుస్తుంది ఆ ఆత్రం. ఆమె పోలేదు. తనకు బదులుగా ఒక మనిషి కూలి డబ్బు సిద్దప్ప చేత పంపింది. అక్కమ్మ తీసుకుని కొంగున ముడేసుకుని మళ్లీ కలుపులోకి వంగింది. తిట్టినా బాగుండేది.

యూరియా పని చేసింది, ఎందుకు చెయ్యదు! చేను నల్లగా లేచింది. దానితో పోటీపడి కలుపూ లేచింది. పూత నుంచి సాగే ఊడలు నేలలోకి దిగకముందే కలుపు తవ్వి తీయాలి, దిగాక కదిలిస్తే కాయే ఉండదు. గంగులమ్మ ముయ్యికి పిలిస్తే అందరూ కూలి అడిగారు. మదనపల్లె టమోటా మార్కెట్లో ఎంతిస్తున్నారో అంతా కావాలన్నారు. వాళ్లలో రెడ్డెమ్మ దాచుకోకుండా అనేసింది.

"వెల కట్టింది నువ్వే గదమ్మా."

అంత కూలి పోస్తే యూరియాతో పెరిగే కాయంతా కలుపుకే సరి. పోయకపోతే చేనే పోతుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. మొగుడూ పెళ్లాలే కూర్చుని పాకుతూ తీశారు. సిద్దప్ప పళ్లు బిగబట్టి కలుపు తవ్వే తొలిక ఆడిస్తుంటే ఆమె అతని సాల్లో సగం తనే తీసింది. సగం చేను అయ్యేసరికి మిగతా సగంలో ఊడలు దిగిపోయాయి. ఆ సగం గడ్డి పాలయింది.

అక్కమ్మ కాయ పెరికే రోజున గంగులమ్మ ఎవరూ పిలవకుండానే పోయి సాలు పట్టింది. పక్కకు జరిగి చోటివ్వనూ లేదు, పొమ్మననూ లేదు. మధ్యాహ్నం అక్కమ్మ తన సంగటి ముద్దలో సగం తుంచి ఆమె చేతిలో పెట్టింది.

మరుసటి యేడూ గంగులమ్మ యూరియా కొనింది. ఎరువు లేకపోతే ఆ ఎర్రమన్ను ఏం పెడుతుంది? దేవుడి చోద్యం చూడండి, మళ్లీ అక్కమ్మ కలుపు రోజునే తెల్లవారుజామున వాన. గంగులమ్మ సంచి వైపు చూడకుండా తొలిక పట్టుకుని వెళ్లిపోయింది. పొద్దెక్కేకొద్దీ ఎండ చురుక్కుమంటోంది. పదును ఆరిపోతోందని ప్రాణం ఉసూరుమంటున్నా తలెత్తలేదు.

అక్కమ్మే నడుమెత్తి అడిగింది. "ఎరువు సంచి యాడుండాది?"

"ఇంట్లోనే ఉండాదక్కా."

"మరి యాల నోరు మూసుకోనుండావు? పదండే, పదునారకముందే అందరం పోయి సల్లేసొస్తాం."

తన చేలో కలుపు సగంలో వదిలేసి అక్కమ్మే ముందు నడిచింది. గంగులమ్మకు ఏడుపు ఆగలేదు.